చర్మము చెప్పు సాక్ష్యము

చెమటను, చర్మరసాయనములను కొలుచు బయోసెన్సర్లు. బస్తర్ ప్రాంతమున కుష్ఠువ్యాధిని తొలిదశలో గుర్తించుట

వైద్యుడు రోగి చేయి పట్టుకొని నాడి చూచును. నాలుక చూచును. కంటిరెప్పను క్రిందికి లాగి రక్తహీనత కలదేమో పరీక్షించును. అన్నిటికంటె విశాలమైన అవయవము మాత్రము ఎల్లప్పుడు ఎదుటనే యుండియు తరచు ఉపేక్షింపబడును. అదియే చర్మము. శరీరము లోపల జరుగు మార్పులనేకము దీనిపై మచ్చగా, వాపుగా, పొడిదనముగా, చెమటగా బయలుపడును. వీనిలో కొన్ని కంటికి కనబడును. మరికొన్ని రసాయనపదార్థముల హెచ్చుతగ్గుల రూపమున నుండును గనుక కంటికి అందవు. ఈ రెండవ రకపు గుర్తులను కొలుచుటకై బయోసెన్సర్లు అను సాధనములు నేడు వాడుకలోనికి వచ్చుచున్నవి.

దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతవాసులకు ఈ విషయముతో దగ్గరి సంబంధము కలదు. ఒకప్పుడు బస్తర్ ఒకే జిల్లాగా నుండి, కేరళ రాష్ట్రముకంటె విశాలమై యుండెను. నేడు అది కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, బస్తర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా అను ఏడు జిల్లాలుగా నున్నది. దాని దక్షిణపుటంచున కొంటా, భోపాలపట్నం ప్రాంతములలో తెలుగు మాటలాడువారు చాలమంది కలరు. 2005 డిసెంబరు నాటికి మన దేశము మొత్తముమీద కుష్ఠువ్యాధిగ్రస్తుల సంఖ్య పదివేలమందికి ఒకనికంటె తక్కువకు దిగినది. కాని ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము నాటికి ఆ మెట్టును చేరలేదు. కుష్ఠువ్యాధి చర్మపు రసాయనస్థితిని, అందును చెమటను, తొలిదశలోనే మార్చును. కావున చెమటను కొలుచు విద్య ఈ ప్రాంతమునకు పనికివచ్చు విద్య.

చర్మమునందలి రసాయన సూచికలు

ఆరోగ్యవంతమైన చర్మపు పైపొర కొంచెము పుల్లనిది, అనగా ఆమ్లగుణము కలది. ఆమ్లక్షారములను కొలుచు పి.హెచ్. మానమున ఏడు అంకె సమస్థితి. అంతకు తక్కువైనచో ఆమ్లము, ఎక్కువైనచో క్షారము. చర్మపు పి.హెచ్. సామాన్యముగా 4.5 మొదలు 5.5 వరకు నుండును. 1928లో షాడే, మార్కియోనిని అను జర్మను వైద్యులు ఈ పొరకు ‘ఆమ్లకవచము’ అని పేరుపెట్టిరి. ఈ కవచము హానికరమైన సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొనును. తామరవంటి శిలీంధ్రవ్యాధులలోను, దురదతో కూడిన చర్మశోథలోను ఈ ఆమ్లగుణము తగ్గిపోవుట కలదు. బట్టలసబ్బుతో మాటిమాటికి ఒడలు తోముకొనుటవలనను ఈ కవచము సడలును, ఏలయనగా సబ్బు క్షారగుణము కలది.

రెండవ సూచిక తేమ. పైపొరలోని కణములయందు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు కలదు. ఇది విడిపోయి చిన్న పదార్థములుగా మారి, నీటిని పట్టియుంచును. కొందరికి పుట్టుకతోనే ఈ మాంసకృత్తు కొరతగా నుండుననియు, వారికి చర్మము పొలుసులుగా లేచుటయు, చర్మశోథ కలుగుటయు అధికమనియు 2006లో తెలియవచ్చినది. పైపొరను అంటుడుకాగితముతో కొంచెము లేపి, దానియందలి ఆ చిన్న పదార్థములను కొలిచి, చర్మపు బలహీనతను అంచనా వేయుదురు.

మూడవది చెమట. చెమటలో అధికభాగము నీరే. దానితోపాటు సోడియము, క్లోరైడు అను ఉప్పుభాగములు, యూరియా, లాక్టికామ్లము, అతిస్వల్పముగా చక్కెర ఉండును. చెమటను పరీక్షించి రోగనిర్ణయము చేయుట కొత్త సంగతి కాదు. 1948లో న్యూయార్కు నగరమున తీవ్రమైన వడగాలి వీచినప్పుడు, ఒకానొక పుట్టువ్యాధి కల పిల్లలు ఇతరులకంటె ఎక్కువగా సొమ్మసిల్లుటను వైద్యులు గమనించిరి. వారి చెమటలో ఉప్పు మితిమీరి యున్నదని డి సాంటాగ్నీస్ అను వైద్యుడు, అతని సహచరులును 1953లో ప్రకటించిరి. ఆ వ్యాధికి సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పేరు. 1959లో గిబ్సన్, కుక్ అనువారు స్వల్ప విద్యుత్ప్రవాహముచే పైలోకార్పిన్ అను మందును చర్మములోనికి పంపి, చెమట రప్పించి, కొలుచు పద్ధతిని ఏర్పరచిరి. నేటికిని ఆ వ్యాధినిర్ణయమునకు చెమటపరీక్షయే ముఖ్యాధారము.

బయోసెన్సర్ అనగానేమి?

బయోసెన్సర్‌లో మూడు భాగములుండును. మొదటిది గుర్తించు భాగము. ఇది ఒక ఎంజైముగాని, ప్రతిరక్షకముగాని, అటువంటి మరియొక జీవపదార్థముగాని కావచ్చును. తాళమునకు తాళపుచెవి వలె ఇది ఒక్క పదార్థమునకు మాత్రమే అమరును. రెండవది మార్చు భాగము. ఆ కలయికవలన కలిగిన మార్పును ఇది విద్యుత్తుగానో రంగుగానో మార్చును. మూడవది చూపు భాగము. ఆ విద్యుత్తును అంకెగానో, ఆ రంగును గీతగానో మనకు చూపును.

ఇట్టి సాధనములకు మూలపురుషుడు అమెరికా శాస్త్రజ్ఞుడగు లీలండ్ క్లార్క్. ఆయన 1956లో రక్తమునందలి ఆక్సిజనును కొలుచు ఎలక్ట్రోడును గూర్చి ప్రకటించెను. 1962లో ఆయనయు, చాంప్ లియన్స్ అను మరియొకరును అట్టి ఎలక్ట్రోడుకు చక్కెరపై మాత్రమే పనిచేయు ఎంజైమును జతపరచి, చక్కెరను కొలువవచ్చునని సూచించిరి. ఆరోగ్యకేంద్రమున వ్రేలినుండి ఒక రక్తబిందువు తీసి, చిన్న పట్టీపై నుంచి, క్షణములలో చక్కెర ఎంతయో చెప్పు యంత్రమును పాఠకులలో పెక్కుమంది చూచియుందురు. ఆ యంత్రము ఆనాటి ఆలోచనకు ఫలమే. మలేరియా పరీక్షకు వాడు పట్టీపై కనబడు గీతయు ఇట్టి గుర్తింపుపైననే ఆధారపడినది. అందు ప్రతిరక్షకములు మలేరియా పరాన్నజీవి వదలిన మాంసకృత్తును పట్టుకొనును.

చర్మముపై నుంచు బయోసెన్సర్లు రక్తమునకు బదులు చెమటనుగాని, చర్మపు పొరలమధ్యనున్న ద్రవమునుగాని పరీక్షించును. చిన్న అంటుడుపట్టీ వలె చేయికి అతికించునవి కొన్ని. అరచేతులను, అరికాళ్లను లోహపు పలకలపై నుంచి చూచునవి కొన్ని. ఈ రెండవ రకమున అతిస్వల్పమైన విద్యుచ్ఛక్తిని పంపగా, చెమటలోని క్లోరైడు లోహముతో కలిసి, ప్రవాహము కలిగించును. చెమటగ్రంథులు చక్కగా పనిచేయుచున్నచో ఆ ప్రవాహము ఎక్కువగాను, వానికి పోవు సన్నని నరములు చెడినచో తక్కువగాను ఉండును. రెండు మూడు నిమిషములలో పరీక్ష ముగియును. నొప్పి యుండదు. మధుమేహమువలన నరములు చెడుటను కనుగొనుటకు దీనిని వాడుచున్నారు.

కుష్ఠువ్యాధికిని చెమటకును గల సంబంధము

కుష్ఠువ్యాధిని కలిగించు క్రిమిని 1873లో నార్వే దేశపు వైద్యుడగు హాన్సెన్ కనుగొనెను. ఈ క్రిమి చర్మమునందును, చర్మమునకు దగ్గరగానున్న నరములయందును నివసించును. నరములను చుట్టియుండు కణములలో జొచ్చి, మిక్కిలి నెమ్మదిగా వృద్ధిచెందును. శరీరములో ప్రవేశించిన తరువాత గుర్తులు కనబడుటకు సగటున అయిదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువదేండ్లును పట్టవచ్చును.

చర్మమునకు పోవు నరములు మూడు పనులు చేయును. స్పర్శ, నొప్పి, వేడి, చల్లదనము అనువానిని తెలుపుట మొదటిది. కండరములను కదలించుట రెండవది. చెమటగ్రంథులను నడపుట మూడవది. ఈ మూడవ పని చేయు పోగులు చాల సన్ననివి. కావున కుష్ఠుమచ్చలో స్పర్శతోపాటు చెమటయు తగ్గిపోవును. ఎండలో పనిచేయువాని ఒడలంతయు తడిసియుండగా ఆ మచ్చమాత్రము పొడిగా నుండును. అరచేతులకు, అరికాళ్లకు పోవు నరములు చెడినచో అచటి చర్మము ఎండి గట్టిపడి, పగుళ్లిచ్చును. నొప్పి తెలియదు గనుక పగులు పుండై, పుండు లోతుగా పోయి, ఎముకవరకు చేరును. జనులు భయపడు వ్రేళ్లలోపము ఇట్లు కలుగును. క్రిమి వ్రేళ్లను తినివేయదు. రక్షణలేని పుండ్లే వానిని హరించును. ఇందువలన చెమట ఆగుట అను చిన్న గుర్తునకు ఇంతటి ప్రాధాన్యము కలిగినది.

ఈ సంగతిని పూర్వపు వైద్యులు బాగుగా నెరిగియుండిరి. మైనర్ అను రష్యా నరవైద్యుడు 1928లో చెమటకై ఒక సులభమైన రసాయనపరీక్షను వర్ణించెను. చర్మముపై అయోడిను ద్రావకము పూసి, ఆరిన పిమ్మట గంజిపిండిని పలుచగా చల్లుదురు. పిమ్మట చెమట రప్పింతురు. చెమట తగిలినచోట అయోడినును పిండియు కలిసి నల్లని నీలిరంగు కలుగును. చెమట లేనిచోట రంగు మారదు. కుష్ఠువైద్యులు అనుమానపు మచ్చలో కొంచెము పైలోకార్పిన్ మందును సూదితో నెక్కించి, ఈ పరీక్షనే చేయుచుండిరి. చుట్టును నీలిచుక్కలు మొలచి, మచ్చమాత్రము తెల్లగా మిగిలినచో అనుమానము బలపడెడిది. మాట చెప్పలేని పసిపిల్లలయందును, స్పర్శ తెలియునో లేదో నిశ్చయముగా చెప్పజాలనివారియందును ఇది ఉపకరించెడిది. విద్యుత్తు లేకున్నను ఇది చర్మపు రసాయనగుర్తును చూపు సాధనమే. ఈనాటి చెమటయంత్రములు ఆ నీలిచుక్కలకు బదులుగా అంకెల నిచ్చును. ఇట్టి పరీక్షలు వైద్యులు చేయవలసినవి. ఇంట ప్రయత్నింపరాదు.

యంత్రములకు గల హద్దులు

బయోసెన్సర్ ఇచ్చు అంకెను చూచి తొందరపడి నిర్ణయము చేయరాదు. దీనికి కారణములు కలవు.

మొదటిది, చెమట నిలుకడలేని ద్రవము. మెల్లగా కారు చెమటలోని ఉప్పు వేరు, ధారగా కారు చెమటలోని ఉప్పు వేరు. వైశాఖమాసపు ఎండలో తునికాకు కోసి వచ్చినవాని చెమటను, పౌషమాసపు చలిలో కూర్చున్నవాని చెమటతో పోల్చరాదు. పరీక్షకు ముందు చల్లని నీడలో విశ్రమించుట, చర్మమును శుభ్రపరచుట అవసరము.

రెండవది, చర్మములు ఒకే రీతివి కావు. చెప్పులు లేక అడవిదారుల నడచువారి అరికాలు దట్టముగా నుండును. పట్టణములలో చెప్పులు తొడుగువారి పాదములనుబట్టి నిర్ణయించిన కొలతలు వీరికి యథాతథముగా వర్తించునని తలపరాదు.

మూడవది, సాధనములోని ఎంజైములు, ప్రతిరక్షకములు జీవపదార్థములు. మిక్కుటమగు వేడికి, తేమకు అవి చెడును. చెడిన పట్టీ తప్పు చెప్పును.

నాలుగవది, సాధనమే చర్మమునకు బాధ కలిగింపవచ్చును. చర్మముద్వారా చక్కెరను కొలుచు గ్లూకోవాచ్ అను చేతిగడియారమువంటి యంత్రమును 2001లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. కాని అది తాకినచోట చర్మము ఎఱ్ఱబారి మండుచున్నదని పెక్కుమంది దానిని విడిచిరి. దాని విక్రయమును కొన్ని సంవత్సరములకే నిలిచిపోయినది.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది. కుష్ఠువ్యాధి కలదు, లేదు అని రోగులందరిలోను నిశ్చయముగా చెప్పగల బయోసెన్సర్ ఇంతవరకు లేదు. ఆ క్రిమి పొరపై ఫీనాలిక్ గ్లైకోలిపిడ్ అను ఒక ప్రత్యేకమైన కొవ్వుపదార్థము కలదు. దానికి ఎదురుగా రక్తమున పుట్టు ప్రతిరక్షకములను పట్టీలతో పరీక్షింపవచ్చును. క్రిములు ఎక్కువగానున్న రోగులలో ఆ గీత తరచు కనబడును. క్రిములు తక్కువగానున్నవారిలో తరచు కనబడదు. చెమటయంత్రమును నరము చెడినదని చెప్పునే గాని, కుష్ఠువలన చెడినదో, మధుమేహమువలన చెడినదో చెప్పజాలదు.

కాబట్టి ఈ సాధనములు వైద్యునికి తోడునీడలు. జగదల్‌పూర్‌లోని వైద్యకళాశాలవంటి పెద్ద కేంద్రములలో నరముల స్థితిని కాలక్రమమున సరిపోల్చుటకును, పరిశోధనకును ఇవి ఉపకరింపగలవు. గ్రామమున మచ్చ కనబడినవాడు మాత్రము యంత్రము వచ్చువరకు వేచియుండరాదు.

యంత్రము లేని పరీక్ష

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున 2002లో మితానిన్ కార్యక్రమము మొదలైనది. మితానిన్ అనగా స్నేహితురాలు. గ్రామస్థులే ఎన్నుకొన్న స్త్రీకి ఆరోగ్యశిక్షణ నొసగు ఈ ఏర్పాటు, పిమ్మట దేశమంతట వ్యాపించిన ఆశా కార్యకర్తల పద్ధతికి మార్గదర్శకమైనది. కుష్ఠుమచ్చను అనుమానించుటకు ఆమెకు చాలినంత సాధనము ఒక బాల్‌పెన్ను, పగటి వెలుతురు.

కొంటా సమీపమున ఒక రైతు వీపుపై తెల్లబారిన మచ్చ యున్నదనుకొందము. దురద లేదు, నొప్పి లేదు. అందుచేత ఏడాదిగా అతడు దానిని లెక్కచేయలేదు. మితానిన్ మొదట అతని కన్నులు తెరచియుండగా పెన్నుమొనతో మంచి చర్మమును తేలికగా తాకి, పరీక్షయొక్క తీరును చూపించును. పిమ్మట, “బాబాయీ, ఇప్పుడు కన్నులు మూసికొనుము. నేను తాకినచోట నీ వ్రేలుంచి చూపుము” అనును. చేయిపై తాకగా చూపును. భుజముపై తాకగా చూపును. మచ్చపై తాకగా ఊరకుండును. మరల తాకినను ఊరకుండును. ఇంతటితో అనుమానము కలుగవలసినదే. రైతును ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను. ఒక్క నిమిషమున ముగిసిన ఈ పరీక్ష అతని చేతివ్రేళ్లను కాపాడగలదు.

తెల్లబారిన మచ్చలన్నియు కుష్ఠువు కావు. శోభిమచ్చలో సన్నని పొలుసు లేచును, స్పర్శ చెడదు. బొల్లిమచ్చ పాలవలె తెల్లగా నుండును, స్పర్శ చెడదు. తామర దురద పెట్టును, అంచు ఎఱ్ఱగా నుండును. కుష్ఠుమచ్చ సామాన్యముగా చుట్టుప్రక్కల చర్మముకంటె వెలితిరంగుగనో, ఎఱ్ఱగనో యుండి స్పర్శ కోల్పోవును. అయినను క్రిములు ఎక్కువగానున్న కొందరి మచ్చలలో స్పర్శ నిలిచియుండవచ్చును. ముఖము, చెవితమ్మెలు నిగనిగలాడుచు దళసరియగుట, చేతులు కాళ్లు తిమ్మిరెక్కుట, పట్టు సడలుట అను గుర్తులున్నను వైద్యునికి చూపవలెను.

చికిత్స

1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమించిన అధ్యయనసంఘము కుష్ఠువ్యాధికి ఒకటికంటె ఎక్కువ మందులను కలిపి యిచ్చు పద్ధతిని సిఫారసు చేసెను. మన దేశమున 1955లో ప్రారంభమైన జాతీయ కుష్ఠునివారణ కార్యక్రమము 1983లో నిర్మూలన కార్యక్రమముగా మారి, ఈ పద్ధతిని చేపట్టినది. ఈ మందులు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములన్నిటను ఉచితముగా దొరకును. మచ్చలు అయిదువరకే యున్న తక్కువ క్రిముల రోగికి ఆరునెలలు, అంతకు మించినవారికి పండ్రెండు నెలలు మందు వాడవలెను. మందు మొదలైన కొలదిదినములకే రోగి ఇతరులకు వ్యాధి నంటించు శక్తిని కోల్పోవును. వానిని ఇంటినుండి వేరుచేయ నక్కరలేదు. మందువలన మూత్రము ఎఱ్ఱబారుటయు, చర్మము నల్లబడుటయు కలుగవచ్చును. ఇందులకు భయపడి మందు మానరాదు. చికిత్స ముగిసిన పిమ్మట చర్మపురంగు క్రమక్రమముగా తిరిగివచ్చును.

బస్తర్ దక్షిణభాగమునుండి అనేక కుటుంబములు మిరపకోతల కాలమున భద్రాచలం, ఖమ్మం ప్రాంతములకు కూలికి పోవుచుందురు. ఇట్టివారికి మందు మధ్యలో తెగిపోవుట జరుగును. ప్రయాణమునకు ముందు ఆరోగ్యకార్యకర్తతో చెప్పి, కావలసిన మందుపట్టీలను, చికిత్సచీటీని వెంట తీసికొనిపోవలెను. ఆ చీటీని చూపినచో తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను గల ప్రభుత్వకేంద్రములలో అవే మందులు ఉచితముగా లభించును.

చికిత్సాకాలమునగాని, ముగిసిన పిమ్మటగాని మచ్చలు ఒక్కసారిగా ఎఱ్ఱబారి వాచినను, మోచేతివద్ద నరము నొచ్చినను, చేతిపట్టు క్రొత్తగా సడలినను ఆలస్యము చేయరాదు. నరము చెడి ఆరునెలలు దాటకమునుపు తగిన మందు వాడినచో చాలమందికి స్పర్శయు బలమును తిరిగిరాగలవు. అదను తప్పినచో రావు.

చెమట లేని చర్మమును కాపాడుకొనుట

నరమునకు కలిగిన నష్టము నిలిచిపోయినవారు చెమట చేయవలసిన పనిని తమ చేతులతో తామే చేసికొనవలెను. ప్రతిదినము అరగంటసేపు చేతులను, పాదములను చల్లని నీటిలో నానబెట్టవలెను. గట్టిపడిన చర్మమును నునుపైన రాతితో మెల్లగా రుద్దవలెను. తుడువక, తడియుండగనే నూనె రాయవలెను. కొబ్బరినూనెయైనను, బస్తర్ ఇండ్లలో దొరకు ఇప్పనూనెయైనను సరిపోవును. నూనె పైపూతవలె నిలిచి, నీరు ఆవిరికాకుండ కాపాడును. పిమ్మట పగుళ్లు, బొబ్బలు, ముళ్లు కలవేమో కంటితో చూడవలెను. స్పర్శ లేనివానికి కన్నులే కాపరులు. పొయ్యిపైని గిన్నెను బట్టతో పట్టుకొనవలెను. మెత్తని అట్టగల చెప్పులు తొడుగవలెను.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. చర్మపు ఆమ్లగుణము, తేమ, చెమటలోని ఉప్పు మున్నగునవి ఆరోగ్యమునకు రసాయన సూచికలు. బయోసెన్సర్లు వీనిని అంకెలలో చూపును.

2. ఆ అంకె వైద్యుని పరీక్షకు తోడు. అది ఒంటరిగా వ్యాధినిర్ణయము చేయజాలదు.

3. స్పర్శ లేని మచ్చ, చెమట పట్టని మచ్చ కుష్ఠువ్యాధి గుర్తులు కావచ్చును. నొప్పి లేదని ఉపేక్షింపరాదు.

4. కుష్ఠువ్యాధి పాపఫలము కాదు. కులమునుబట్టి వచ్చునది కాదు. చేయి తాకినంతమాత్రమున అంటునది కాదు. చికిత్స పొందని రోగితో దీర్ఘకాలము సన్నిహితముగా మెలగినప్పుడు, ముక్కునుండియు నోటినుండియు వెడలు తుంపరలద్వారా క్రిమి వ్యాపించును. చాలమంది శరీరములు దానిని సహజముగానే ఎదుర్కొనును.

5. రోగి ఇంటివారును పరీక్ష చేయించుకొనవలెను. వ్యాధి రాకుండ వారికి ఒక మోతాదు మందును ఇచ్చు ఏర్పాటు కలదు.

6. మందు ఉచితము. పూర్తిగా వాడినచో వ్యాధి నయమగును. ముందుగా వాడినచో అంగలోపము కలుగదు.

ఇంటిలోని పెద్దలు పిల్లలకు స్నానము చేయించునప్పుడు వీపును, పిరుదులను, తొడలను ఒకసారి వెలుతురులో చూడవలెను. భార్యాభర్తలు ఒకరి వీపు నొకరు చూడవలెను. రంగు తగ్గిన మచ్చ కనబడినచో ఆ వారములోనే మితానిన్‌కు గాని, ఆశా కార్యకర్తకు గాని, సమీప ఆరోగ్యకేంద్రమునకు గాని చూపవలెను.